ఐదు వోల్టులు రావాల్సిన చోట

మా అన్న అనిల్ కుమార్ నా కారు తాళంచెవి లాక్కున్న రోజు నుంచి నాకు ఒళ్లు మండుతూనే ఉంది.

అవ్వకు, అంటే మా అమ్మకు, కరీంనగర్‌లో డయాలసిస్. హుజూరాబాద్ నుంచి ఆమెను తీసుకెళ్లేది నేనే, నా కారులోనే. ఒకరోజు తిరిగి వస్తుంటే మానకొండూరు దాటాక పికప్ పోయింది. ఎక్సలేటర్ ఎంత తొక్కినా కారు ముక్కుతుందే తప్ప పరుగెత్తదు. వెనక లారీ వాడు హారన్ మీద చెయ్యి తీయడు. అవ్వ ప్రార్థన మొదలుపెట్టింది. ఎలాగో ఈడ్చుకుంటూ ఇల్లు చేరాం.

“ఆడోళ్లకు కారెందుకే లిడియా? ఎక్సలేటర్ మీద కాలు తియ్యకుంటె బండి ఖరాబు కాదా?” అన్నాడు అన్న. చర్చి కమిటీకి కార్యదర్శి కదా, ఇంట్లో కూడా ప్రసంగమే. “ఇగ నువ్వు ముట్టద్దు. అవ్వను నేను తీస్కపోత.”

తీసుకెళ్లాడా? మొన్న కమిటీ మీటింగని డయాలసిస్ తప్పించాడు. ఇవాళ అవ్వ పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. ఆటో కుదుపులకు ఆమె నడుము ఆగదు. మధ్యాహ్నానికి ఆస్పత్రిలో ఉండాలి. “ఇయ్యాల గుడ మీటింగున్నది, రేపు పోదాం” అన్నాడు మహానుభావుడు, తెల్లచొక్కాకు ఇస్త్రీ చేసుకుంటూ.

అరికాలి మంట నెత్తికెక్కింది. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు పాఠాలు చెప్పేదాన్ని. వోల్టులు కొలిచే నా మీటరు సంచిలో వేసుకుని, అన్న రిపేరుకని కారు పెట్టిన మెకానిక్ పరశురాములు షెడ్డుకు పోయాను.

“మేడం, కారు మీకియ్యద్దన్నడు మీ అన్న” అన్నాడు పరశురాములు.

“కారు ఎవరి పేరు మీదున్నదే పరశురాములన్నా?”

తాళంచెవి ఇచ్చి బానెట్ ఎత్తాడు.

ఎక్సలేటర్ తొక్కితే ఇంజన్‌లోకి గాలి పోయే మూత తెరుచుకుంటుంది. అది ఎంత తెరుచుకుందో కారులోని కంప్యూటర్‌కు చెప్పే సెన్సర్ ఒకటుంది. అది తప్పు చెబితే పికప్ గల్లంతు. లోపం చూపించే స్కానర్‌లో దాని పేరే వచ్చిందని పరశురాములు కొత్తది వేశాడు. అయినా అదే రోగం.

“గీ కొత్తది గుడ ఖరాబే ఉన్నట్టుంది. ఇంకోటి తెప్పిద్దాం” అన్నాడు.

“సెన్సర్, సెన్సరని దాని పానం తీస్తున్నవు. దాని దాంక కరెంటు వస్తుందో లేదో చూసినవా?”

ప్లగ్గు పీకాను. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి మీటరు పెట్టాను. కంప్యూటర్ నుంచి ఐదు వోల్టులు రావాలి. వచ్చాయి. పరశురాములు మీసాల్లో నవ్వాడు. నాకు ఇంకా కాలింది. తీగల కట్ట పట్టుకుని గట్టిగా ఊపాను. ఐదు కాస్తా రెండైంది, సున్నా అయింది, మళ్లీ ఐదైంది. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా జరిగింది ఇదే. నా కాలిది కాదు తప్పు, తీగది!

కట్ట వెంబడి వేళ్లు పోనిచ్చాను. ఇంజన్ వెనక సందులో ఏదో మూట తగిలింది. ఎర్రగుడ్డ. లోపల కుళ్లి, ఎండి, నల్లబడిన నిమ్మకాయలు, మిరపకాయలు. మూట ఊగకుండా ఇనుప తీగతో తీగల కట్టకే బిగించారు. ఆ ఇనుము పైతోలును కోసింది. నిమ్మకాయ రసం కారి లోపలి రాగిని తినేసింది. తాకితే పచ్చటి పొడి రాలింది.

“ఎవలు కట్టిన్రిది?”

పరశురాములు తల గోక్కున్నాడు. “మీ అన్ననే మేడం. కారు కొన్ననాడే. చెల్లె నడుపుతది, నాకు భయమైతుందన్నడు. చర్చోళ్లు చూస్తె ఇజ్జత్ పోతదని లోపట కట్టిండు. ఎవలకు చెప్పద్దన్నడు.”

ఓరి నీ భక్తి పాడుగాను! గుమ్మానికి గుమ్మడికాయ కట్టిన పాపానికి మా హెప్సిబా అత్తను ఆదివారం అందరి ముందు నిలబెట్టి కడిగేసిన మనిషి ఇతనే. నా కాలికి వంక పెట్టింది కూడా ఇతనే.

రసం తినేసిన తీగ ముక్క కత్తిరించి, కొత్త తీగ అతికించి, టేపు చుట్టాం. ఊపాను. ఐదు. ఎంత ఊపినా ఐదే. సెన్సర్ తగిలించి, పరశురాములును ఎక్కించుకుని గుంతల రోడ్డంతా తిప్పాను. కారు ఎక్కడా ముక్కలేదు.

ఇంటి ముందు కారు ఆగగానే అన్న ఉరికి వచ్చాడు. “ఎవలిచ్చిన్రే నీకు కారు?”

మూట తీసి అతని అరచేతిలో పెట్టాను. అవ్వ గడప పట్టుకుని అడిగింది, ఏందది అని. ఒక్క ముక్క దాచకుండా చెప్పాను.

అవ్వ కొడుకు వైపే చూసింది. “దేవుని మీద నమ్మకం లేకపాయె, చెల్లె మీద నమ్మకం లేకపాయె. చెల్లె కారు నడుపుతదంటె భయమైంది గదా. మరి నా కాళ్లు గిట్ల ఉబ్బితె రాలేదేంర నీకు భయం?”

అన్న తల దించుకున్నాడు. తాళంచెవి కోసం నా వైపు చెయ్యి చాచాడు. “ఇయ్యి చెల్లె. నేను నడుపుత.”

“నువ్వు ఎనుక కూసో” అంది అవ్వ, ముందు సీటు తలుపు తీసుకుంటూ. “గా మూట పట్టుకోని కూసో.”

కూర్చున్నాడు. మానకొండూరు దగ్గర ఎక్సలేటర్ తొక్కితే కారు లారీని దాటి పోయింది. అద్దంలో చూశాను. అన్న ఫోన్ మోగుతోంది, మీటింగ్ వాళ్లే అయ్యుంటారు. తీయడం లేదు. మూట ఒళ్లోనే ఉంది. కరీంనగర్ దాకా నేను ఎక్సలేటర్ మీద కాలు తీయలేదు.