ఏ మాటతో వదిలినట్టు

ఇన్నయ్య భార్యకి ఇంగ్లీషు నేర్పడం మొదలుపెట్టాడంటే గురజాలకి ఏదో మూడబోతోందని కరుణమ్మకి అనుమానం. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఆమెకి నేర్పింది ఒక్కటే, జొన్నరొట్టె తన పళ్లెంలో పడేటప్పుడు ఎంత వేడిగా ఉండాలో. అలాంటివాడు విభూది బుధవారం దగ్గర పడుతుండగా, ఆమె పెరట్లో బూడిదతో గిన్నెలు తోముతుంటే ఎదురుగా పీట వేసుకుని రోజుకో మాట చెబుతున్నాడు.

ఆయన మునసబు కోర్టులో నకళ్లు రాసే గుమాస్తా. దస్తావేజుల్లో దొరికిన ఇంగ్లీషుని పండగ చొక్కాలా దాచుకుని వాడతాడు. సరెండర్ అంటే ఎదుటివాడు బలవంతుడైతే చేతులెత్తడమట. యీల్డ్ అంటే ఎదురొచ్చే బండికి పక్కకి తొలిగి దారివ్వడం. అబాండన్ అంటే వెనక్కి చూడకుండా పారేసి పోవడం, అది మంచి మాట కాదు.

"రిలింక్విష్ ఉందే, అది పెద్దింటి మాట. మనదైనదాన్ని, మనకిష్టమైనదాన్ని, పిడికిలి విప్పి, మళ్లీ అడక్కుండా, మనసారా వదలడం. మంది సొమ్ము వదలటం కుదరదు, గుర్తుపెట్టుకో."

అన్నీ వదిలే మాటలే. తీసుకోవడానికి ఇంగ్లీషులో మాటల్లేవా అని అడిగితే, ఉన్నాయిగాని నీకు అక్కర్లేదన్నాడు. కరుణమ్మ గిన్నె అడుగున మాడుని కొంచెం గట్టిగా గీకింది. ఈ దొరలు ఇన్ని మాటలు పెట్టుకున్నారు, తను మాత్రం అన్నిటికీ కలిపి సర్దుకుపోవడం అనే ఒక్క మాటతో ఇన్నేళ్లు నెట్టుకొచ్చింది.

విభూది బుధవారంతో మొదలై ఈస్టరు దాకా సాగే తపస్సుకాలం వస్తే ఆ ఇంట్లో ఒక్కొక్కరు ఇష్టమైనదొకటి వదలాలి. ముందురోజు సాయంత్రం జపమాల అయ్యాక అందరి ముందూ చెప్పాలి. ఇన్నయ్య మాంసం వదిలిన ఏడు పూటకో పులుసు కావాలన్నాడు, ఈస్టరు నాటికి పల్నాడులో మేకలకి ఆకు మిగల్లేదు. చుట్ట వదిలిన ఏడు ఆయన కోపానికి వీధికుక్కలన్నీ సత్తెనపల్లికి వలసపోయాయి, నోరు ఆడించడానికి ఈమె పొద్దస్తమానం వేరుశెనక్కాయలు వేయించింది. మంచం వదిలిన ఏడు ఆయన పడుకునే నాపరాళ్లు చల్లబడాలని రోజూ నీళ్లు చల్లి తుడిచింది. పుణ్యం ఆయనది, నడుంనొప్పి ఈమెది. ఈమె వంతు వచ్చేసరికి అత్త శౌరమ్మ, దానికేముందిలే వదలటానికి, అని దండం పెట్టించేసేది.

ఈ ఏడు అదే శౌరమ్మ పిలిచి మరీ, ఈసారి నువ్వూ పెద్దది వదులమ్మాయ్, ఆ బడి వదులు, అంది. కన్యాస్త్రీల బడిలో కరుణమ్మ చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దిస్తుంది. అక్కడ ఆమె నోరు తెరిస్తే గదంతా చెవులవుతుంది. ఇంట్లో నోరు తెరిస్తే ఉప్పు సరిపోలేదా అంటారు.

"ఈస్టరుకి తిరిగొచ్చిద్దా?" అని మొగుణ్ణి అడిగింది.

"రిలింక్విష్ అని చెప్పాగా," అని ఇన్నయ్య ఆకాశంలో లేని మబ్బు వంక చూశాడు.

మర్నాడు బడికి బయల్దేరబోతే, ఏడాదిగా ఊచ విరిగి కాకిరెక్కలా వేలాడే ఆమె గొడుగు బాగుపడి గోడకి ఆనించి ఉంది. శౌరమ్మే పనిగట్టుకుని బాగుచేయించింది. కోడలు తడిసినా ఎండినా పట్టని మనిషికి ఈ దయ ఎక్కణ్ణుంచి పుట్టిందా అనుకుంటుండగానే, మా మరియమ్మ పొడుగు, దీనికింద పట్టిద్దో లేదో, అని శౌరమ్మ తనలో తను గొణిగింది. మరియమ్మ ఇన్నయ్య చెల్లెలు. గుంటూరులో టీచరు ట్రైనింగు ముగించి నిన్ననే వచ్చింది, ఇంక ఉద్యోగం చూసుకోవాలి. ఇంగ్లీషు పాఠం మొత్తం కరుణమ్మకి అప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రం జపమాల అయ్యాక ఇన్నయ్య కాఫీ వదులుతున్నానని, బదులుగా రాగిజావ చాలని చెప్పాడు. శౌరమ్మ తమలపాకులు వదిలింది. మరియమ్మ ఏమీ ఎరగనట్టు అరటికాయ బజ్జీలు వదిలింది. అందరూ కరుణమ్మ వంక ప్రేమగా చూశారు. ఆ ప్రేమ చూస్తే గొర్రెపిల్లయినా పారిపోతుంది.

"బడి వదులుదామనే అనుకున్నా అత్తా," అంది కరుణమ్మ నెమ్మదిగా. "కానీ మీ అబ్బాయి మంది సొమ్ము వదలగూడదన్నాడు. బడి కన్యాస్త్రీలది. నాదేందా అని ఇల్లంతా ఎతికా. 'నీ వంటిల్లు, నీ పొయ్యి, దానికి నువ్వే రాణివి' అని కాపురానికొచ్చిన కాణ్ణించి మీరే చెప్తున్నారుగా. నా సొంతమంటే అదొక్కటే. దాన్నే వదులుతున్నా. మనసారా."

దీపం ఒత్తి చిటపటలాడింది.  మరి జావ ఎవరు కాస్తారని ఇన్నయ్య దస్తావేజుల ఇంగ్లీషు మరిచి తెలుగులోనే అడిగాడు.

"మరియమ్మ ఉందిగా. పొడుగు మనిషి, అటక మీద డబ్బాలు కూడా అందుతయ్."

తెల్లవారి విభూది బుధవారం. పూజ అయ్యాక నుదుట బూడిదతో అందరూ గుడి మెట్లు దిగారు. రోజూ మోచేతుల దాకా పూసుకునే బూడిద నుదుటి మీద ఇంత తేలిగ్గా ఉంటుందని కరుణమ్మకి తెలియదు. ఇంటివైపు తిరగకుండా గొడుగు విప్పి బడి దారి పట్టింది.

వెనకనుంచి శౌరమ్మ అనుమానంగా కేకేసింది. "ఏమే, ఈస్టరుకైనా ఆ పొయ్యి మళ్లా తీసుకుంటావా?"

"ఏ మాటతో వదిలానో మీ అబ్బాయినడగండి అత్తా," అంది కరుణమ్మ, నడుస్తూనే. "నాకు ఇంగ్లీషు అంత బాగా రాదు."