ఐదు నిమిషాల నడక

ఆ ఉదయం చాలా పనులున్నాయి. మావయ్య పాత కొట్టు తాళాలు ఓనరుకి అప్పగించాలి, మిషను బండి ఎక్కించాలి. నేను కొత్త కొట్టు గోడ మీద పేరు రాయాలి.

మావయ్య కాళ్లు సమానంగా లేనివాళ్లకు చెప్పులు కుడతాడు. ఆయన దగ్గరికొచ్చే వాళ్ల చిరునామాలన్నీ కంప్యూటర్ పటంలో పెట్టి, కొట్టు ఎక్కడ పెడితే గిరాకీ పెరుగుతుందో నేనే చూపించాను. చాలామందికి ఐదు నిమిషాల నడక. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కడినే కాబట్టి, ఆయన మారుమాట లేకుండా నమ్మాడు.

పేరు సగం రాసి రోడ్డు అవతలికి చూశాను. చంకకర్ర మీద ఒక పెద్దావిడ. చేతిలో మావయ్య కుట్టిన ఎత్తుమడమ చెప్పు. రోడ్డు దాటే వంతెన మెట్ల కింద నిలబడి పైకి చూస్తోంది. రోడ్డు మధ్యలో పొడవునా గోడ, ఇటు రావడానికి వేరే దారి లేదు.

అప్పుడు అర్థమైంది. పటం లెక్కేసింది మంచి కాళ్ల నడకని.

వెంటనే ఫోన్ చేశాను. "మావయ్యా, తాళాలిచ్చేశావా?"

"ఓనరు చెయ్యి చాపి నిలబడ్డాడు. ఏంట్రా, నా పేరు తప్పు రాశావా?"

"ఇవ్వకు! ఇక్కడికి రావాలంటే మెట్లెక్కాలి. మనవాళ్లు ఎక్కలేరు."

"కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు సామాను దించేస్తున్నారయ్యా, తొందరగా ఇవ్వు," అని అవతల ఓనరు అరుస్తున్నాడు.

"మన్నించండి," అన్నాడు మావయ్య, ఓనరుతో. "మా మేనల్లుడి చదువు ఇంకా పూర్తవలేదట. తాళాలు నా దగ్గరే ఉంటాయి."

మీరెప్పుడైనా పటం మీద దూరం కొలిస్తే, మెట్ల కింద నిలబడ్డ ఆ పెద్దావిడని ఒక్కసారి గుర్తుచేసుకోండి.