మిగిలిన నాలుగు గదులు

హమ్దాన్ పోయి ఏడాది దాటినా అతని బల్ల మీది వస్తువుల్ని ఎవరూ కదపలేదు. చిప్పుల్ని పరీక్షించడానికి అతను వాడిన పాత సర్క్యూట్ బోర్డు, దాని స్క్రీన్ కూడా అక్కడే ఉన్నాయి. పెనాంగ్‌లోని ఆ చిప్పుల కంపెనీలో ప్రోగ్రాముల్ని చిప్పు భాషలోకి మార్చే కంపైలర్ బృందానికి ఒక పట్టింపు ఉంది. ఆదేశాల్ని వివరించే డాక్యుమెంట్‌లో ఒక్క వాక్యం మారినా సరే, ఆమోదించే మనిషి అందులోని ఉదాహరణను తన చేత్తో, తనకు తోచిన అంకెలతో, పాతవాటితో సహా అన్ని బోర్డుల మీదా నడిపి చూడాలి. రాతే కదా అని చూడకుండా ఓకే కొట్టేవాళ్లంటే, ఆ బృందంలో పాతమనిషి బీ చూకి ఒళ్లుమంట.

ఆ శుక్రవారం ఆమె ముందుకొచ్చిన మార్పు చిన్నదే. ఎనిమిది అంకెల్ని ఎనిమిది గదుల్లో పెట్టి ఒక్క దెబ్బకు లెక్క తేల్చమని చిప్పుకిచ్చే ఆదేశం గురించిన వాక్యం అది. నాలుగే అంకెలిస్తే మిగిలిన నాలుగు గదుల సంగతేమిటి? ‘వాటిలో ఏముంటుందో చెప్పలేం, చదవకండి’ అని ఎప్పుడో రాశాడు హమ్దాన్. కొత్తగా లీడర్ అయిన ఖైరుల్ దాన్ని కొట్టేసి, ‘సున్నాలుంటాయి’ అని రాశాడు.

కొత్త బోర్డులన్నిటి మీదా సున్నాలే వచ్చాయి. హమ్దాన్ బోర్డు మీద మాత్రం ఆమె ఇచ్చిన అంకెల వెనకాల 31, 6, 88, 2 కనిపించాయి. ఏదో పాత చెత్త అనుకుని, నోటికొచ్చిన అంకెలతో మళ్లీ నడిపింది. కొట్టాక చూసుకుంటే తను కొట్టినవి 31, 6, 88, 2. కంటికి కనిపించినవే వేళ్లకు అంటుకున్నాయిలే అని సర్దిచెప్పుకుంది. ఈసారి స్క్రీన్‌ను చేత్తో మూసి, బిస్కెట్ ప్యాకెట్ మీది అంకెలు కొట్టింది. చెయ్యి తీసి చూస్తే, కిందటిసారి వచ్చిన వరుసలో ఆ అంకెలు ముందే ఉన్నాయి.

ఆమె కుర్చీ వెనక్కి జరిపింది. హమ్దాన్ చివరి రోజు గుర్తొచ్చింది. అన్నం తినొస్తానని బండి మీద వెళ్లి లారీ కింద పడ్డాడు. సాయంత్రం ఈ స్క్రీన్ ఆర్పింది తనే. అప్పుడు ఆ గదుల్లో ఉన్నవి నాలుగు సున్నాలు. వాటి తర్వాత ఈ బోర్డు మీద ఈ ఆదేశం నడిపింది తనే, అదీ ఇవాళే. తను కొట్టినవి సున్నాలు కావు. అంటే ఆ గదులు చూపేది, కొట్టిన మనిషే తర్వాత కొట్టబోయే అంకెల్ని. హమ్దాన్‌కి తర్వాత కొట్టడానికి ఏమీ మిగల్లేదు, అందుకే సున్నాలు.

“అయిందా అక్కా?” ఖైరుల్ బండి తాళాలు తిప్పుకుంటూ వచ్చాడు. “ఒక్క వాక్యానికి ఇంత సాగదీతా? మధ్యాహ్నం రిలీజ్.”

“ఈ బోర్డు తేడాగా ఉంది. ముట్టుకోకు.”

“నువ్వు అన్నీ తేడాగానే చూస్తావు!” ఆమె వారించేలోపే వంగి 5, 9, 14, 3 కొట్టాడు. “చూడు, నాలుగూ సున్నాలే. నేను రాసిందే కరెక్ట్. ఓకే కొట్టెయ్, ఆకలి దంచేస్తోంది.”

బీ చూ చప్పున లేచింది. అతని చేతిలోంచి తాళాలు లాక్కుంది.

“కూర్చో. ఇప్పుడు నాలుగు సున్నాలు కొట్టు.”

“పిచ్చెక్కిందా? హోటల్లో నాసి కందర్ కూరన్నం అయిపోతుందక్కా.”

“అది చూపించేది నువ్వు తర్వాత కొట్టబోయేవి. సున్నాలే కొట్టావనుకో, చూపించింది వాటినే అవుతుంది. కొట్టకుండా లేచి వెళ్లావో...” హమ్దాన్ సంగతి చెప్పింది.

ఖైరుల్ నవ్వాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపి, సున్నాలు కొట్టాడు. వెనక నాలుగు సున్నాలు వచ్చాయి.

“ఇంకోసారి,” అంది.

మళ్లీ సున్నాలే.

“ఇదంతా సోది. ఇదిగో, ఏడు కొడుతున్నా,” అన్నాడు. వేలు ఏడు మీదికి వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. ఏడు కొడితే, ఆ సున్నాలు మరి దేనికి వచ్చినట్టు? మెల్లగా వేలు జరిపి సున్నా నొక్కాడు.

అందరూ భోజనానికి వెళ్లొచ్చారు. రిలీజ్ వేళ దాటిపోయింది. బీ చూ ఆ మార్పును తిరస్కరించింది. అదేమీ అతనికి పట్టలేదు.

“ఒక్కటి రానీ అక్కా,” గొణిగాడు ఖైరుల్. “సున్నా కానిది ఏదైనా సరే, ఒక్కటి.”

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. స్క్రీన్ వైపు చూడలేదు.

“కొట్టు తమ్ముడూ, ఆపకు,” అంది.