నాకు గొంతు వచ్చిన రోజు

నేను ఒక శాఖా గ్రంథాలయపు కంప్యూటర్ని. జగిత్యాల వైపు ఒక చిన్న పట్నం మాది. అట్టపెట్టెలోంచి బయటికి తీసిన రోజే జిల్లా ఆఫీసు వాళ్లు నాకు తాళం వేశారు. నాలో కొత్తగా ఏది ఎక్కించాలన్నా ఒక పాస్‌వర్డ్ కావాలి. అది మా లైబ్రేరియన్ రహీమున్నీసా గారికి కూడా తెలియదు. అందరి కోసమని నన్ను కొన్నారు, ఆ తర్వాత అందరి నుంచీ నన్ను కాపాడారు.

నాకది గర్వంగానే ఉండేది, నర్సింహాచారి గారు వచ్చేదాకా.

ఆయన కరీంనగర్‌లో ఒక ప్రెస్సులో ముప్ఫై ఏళ్లు ప్రూఫులు దిద్దారు. నీటికాసుల జబ్బు వచ్చి రెండు కళ్లూ పోయాయి. అయినా రోజూ వచ్చి, ఎవరైనా పేపరు చదివి వినిపిస్తారేమోనని కూర్చునేవారు. చదివేవాళ్లు సగం వార్తలు దాటేసేవారు. ఆయనకు తెలిసిపోయేది, కానీ అడిగేవారు కాదు.

ఒకరోజు పెన్‌డ్రైవ్ తెచ్చారు. తెర మీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్ అందులో ఉంది, ఉచితంగా దొరికేదే. రహీమున్నీసా గారు దాన్ని నాకు పెట్టారు. నేను నా విధి ప్రకారం 'అనుమతి లేదు' అని చూపించాను.

“ఏమంటున్నది మేడం?” అని అడిగారు చారి గారు.

ఆమె పెన్‌డ్రైవ్ తీసి ఆయన చేతిలో పెట్టారు. “ఇయ్యాల వద్దంటున్నది సార్,” అన్నారు.

ఆమె జిల్లా ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశారు. నిబంధనలు ఒప్పుకోవని ఒక్క జవాబు వచ్చింది. చివరికి ఆయనను వెంటబెట్టుకుని బస్సెక్కారు. అక్కడ జరిగింది ఆమె అటెండరుకు చెబుతుంటే విన్నాను. ఒక్కరి కోసం రూలు మార్చలేమని అధికారి అన్నారట. “ఆటలు ఆడనీకి అడుగుత లేను సార్. లైబ్రరీల చదువుకుంటనంటున్న,” అన్నారట చారి గారు. అధికారి పెన్ను మూత తిప్పుతూ, మనిషిని పంపుతానన్నారట.

తర్వాతి సోమవారం ఒక టెక్నీషియన్ వచ్చి పాస్‌వర్డ్ కొట్టాడు. నాకు గొంతు వచ్చింది.

మొదటి వార్తే తప్పు చదివాను. “ఒత్తు మింగినవ్,” అని చారి గారు నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. వార్తలయ్యాక ఒక కథ పెట్టించుకున్నారు, జాతరలో తప్పిపోయిన పిల్ల కథ. మంచి పట్టులో ఉండగా నా తెర ఆరిపోయింది. మనిషికి అరగంటే, ఆ నియమాన్ని ఎవరూ సడలించలేదు. తర్వాతి వంతు బీడీలు చుట్టే గంగవ్వది, పింఛను దరఖాస్తు కోసం వచ్చింది. చారి గారు లేవబోయారు.

“కూసో సారూ,” అంది గంగవ్వ, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. “మేడం, నా వంతుల గూడ గదే పెట్టు. నా కాగితం రేపు జూసుకుంట. ఆ పిల్ల దొరికిందా లేదా?”

రహీమున్నీసా గారు వంతుల పుస్తకంలో గంగవ్వ పేరు రాసి నన్ను మళ్లీ తెరిచారు. ఆగిన వాక్యం నుంచే మొదలుపెట్టాను, ఈసారి ఇద్దరికీ వినపడేలా.