మంగలంలో ఇసుక

చివ్వెంల నుంచి మునగాల దాకా రోడ్డుకు అటూ ఇటూ ఉన్న తండాలన్నింటిలో, లచ్చిరాం చేతి ముద్ద వద్దన్న పసిపిల్ల ఇంతవరకు పుట్టలేదు. ఎంత మొండి పిల్లనైనా తెచ్చి అతని ఒళ్ళో పడేస్తే చాలు, అతని మీసం చూసి నోరు తెరిచేది. తెరిచిన నోట్లో లచ్చిరాం ముద్ద పెట్టేసేవాడు. అది అలాంటిలాంటి మీసం కాదు. నాట్లప్పుడు మడిలో నిలబడితే ఒక కొస మీద ఒక కొంగ వాలి, రెండో కొస మీద ఇంకో కొంగకు జాగా పట్టి పెట్టేదట.

అలాంటి లచ్చిరాంకు తొంభై ఒకటో సంవత్సరంలో మనవరాలు పుట్టింది. కూతురు నీలా తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. పిల్లకు సాలి అని పేరు పెట్టారు. అల్లుడు దస్రు కోదాడలో రైసుమిల్లు హమాలీ. పిల్ల నాలుగు ముద్దలు తినడం నేర్చాక తల్లీబిడ్డల్ని తీసుకుపోతానని, అప్పటిదాకా పదిహేను రోజులకొకసారి బస్సెక్కి వచ్చి చూసి పోతుండేవాడు.

సాలికి ఏడో నెల రాగానే లచ్చిరాం భార్య రుక్మాబాయి అటక మీది మంగలం దించింది.

మంగలమంటే గింజలు వేయించే మట్టిపాత్ర. అందులో ఇసుక పోసి పొయ్యి మీద పెట్టి, ఇసుక కాగాక గింజలు వేసి తిప్పుతారు. గింజ మాడదు, అన్ని పక్కలా ఒక్కలాగే వేగుతుంది. జల్లెడ పడితే గింజలు పైన నిలుస్తాయి, ఇసుక కిందికి దిగుతుంది. ఆ ఇసుకను పారబోయరు, కడగరు. మళ్ళీ కుండకెత్తి దాచుకుంటారు. లచ్చిరాం ఇంట్లో ఉన్నది అతని తల్లి పాలేటి నుంచి కొంగున కట్టి తెచ్చిన ఇసుక. ఇల్లు రెండుసార్లు మారింది కానీ ఇసుక మారలేదు. ఏళ్ళ తరబడి వేగి వేగి నల్లగా నిగనిగలాడేది. తండాలో ఎవరికి పేలాలు కావాలన్నా ఆ ఇసుకే అరువు తీసుకుపోయేవారు. లచ్చిరాంకు తన మీసం తర్వాత అంత గర్వం ఆ ఇసుక మీదే.

రుక్మాబాయి బియ్యం, పెసరపప్పు అందులో వేయించి, తిరుగలిలో విసిరి, మెత్తగా జల్లించి ఉగ్గు కాచింది. మొదటి ముద్ద తాతే పెట్టాలన్నారు. లచ్చిరాం మీసం తిప్పి పెట్టాడు. సాలి నాలుకతో బయటికి తోసింది. మళ్ళీ పెట్టాడు, మింగింది. అందరూ నవ్వారు. ఆ నవ్వులు పూర్తిగా ఆగకముందే పిల్ల మూతి చుట్టూ ఎర్రగా కందింది. తర్వాత వీపంతా దద్దుర్లు లేచాయి. తిన్నదంతా కక్కి, గొంతు పోయేలా ఏడ్చింది.

పక్కింటి గోపమ్మ దిష్టి అన్నది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. పొయ్యి చిటపటలాడింది, పిల్ల ఏడుపు మాత్రం తగ్గలేదు. లచ్చిరాం పెసరపప్పు మీద అనుమానపడ్డాడు. పప్పు మానేసి ఉత్త బియ్యపు ఉగ్గు పెడితే, మళ్ళీ అంతే. బియ్యం మాని జొన్నలు, జొన్నలు మాని రాగులు. గింజ మారింది గానీ దద్దుర్లు మారలేదు. పచ్చిదనం పడడం లేదేమోనని రుక్మాబాయి భయపడి, ప్రతిసారీ గింజల్ని ఇసుకలో ఇంకాసేపు ఎక్కువ తిప్పేది.

సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి డాక్టరు దురదకు సీసా మందిచ్చి, పిల్లకు తిండిలో ఏదో పడడం లేదన్నాడు. ఒక్కో రకం ఒక్కటే పెట్టి నాలుగు రోజులు ఆగి చూడమన్నాడు, మధ్యలో ఇంకేదీ నోట్లో పెట్టవద్దన్నాడు.

చెప్పడం తేలికే. తండాలో పసిపిల్ల అందరి పిల్ల. నీళ్ళకు పోయే మనిషి ఆగి బెల్లం ముక్క నాకిస్తుంది, కూలి నుంచి వచ్చే మనిషి చేతిలో రొట్టె తుంచి పెడుతుంది. పెట్టకుండా పోతే పెట్టబుద్ధి కాలేదా అంటారు. అందుకని లచ్చిరాం గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని కాపలా కూర్చున్నాడు. రొంటిన కట్టుకున్న వేయించిన పల్లీలు ఒక్కొక్కటే నములుతూ, వచ్చిన ప్రతి ఆడమనిషితో తగువు పెట్టుకున్నాడు. ముసలిదొకతె, నా చేతి మీద పుట్టినవాడివి నాకే అడ్డం పడుకుంటావా అని అతన్ని చీపురుతో కొట్టినంత పని చేసింది. లచ్చిరాం లేవలేదు. అలా ఇరవై రోజులు కాపలా కాశాడు. ఆ ఇరవై రోజుల్లో ఈగ కూడా అతన్ని అడగకుండా లోపలికి పోలేదు. పిల్లకు మాత్రం నాలుగుసార్లు దద్దుర్లు లేచాయి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మొదట్లో చెప్పిన ఆ చేతి ముద్ద సంగతి ఉత్తదే. లచ్చిరాం సాలికి తప్ప తన జన్మలో ఏ పిల్లకూ బువ్వ పెట్టి ఎరుగడు. నలుగురు పిల్లలు పుట్టి పెరిగారు. ఎవరు ఏ నెలలో ఏం తిన్నారో అడిగితే, పొలం పోయి వచ్చేసరికి తింటూ కనిపించారు అనేవాడు. పెట్టిన మొట్టమొదటి ముద్దే ఇలా ఎదురుతిరిగింది. మనసులో అదొక ముల్లు. తన చెయ్యే మంచిది కాదేమోనని భార్యకు కూడా చెప్పలేదు.

తొమ్మిదో నెల వచ్చేసరికి సాలి మణికట్లు చీపురుపుల్లల్లా అయ్యాయి. ఉత్త తల్లిపాలు చాలడం లేదు. ఉగ్గుగిన్నె చూస్తే మూతి బిగించేది. ఒకరోజు నీలా గిన్నె కింద పెట్టి తండ్రివైపు తిరిగింది.

"బాపూ, భూమ్మీద పండేటిదేదీ నా బిడ్డకు పడదా?"

యాభై ఏళ్ళుగా వరి, జొన్న, కంది, పల్లీ పండించిన మనిషి. మీసం కొసను నోట్లో పెట్టుకుని నమిలాడు.

ఆ వారం దస్రు వచ్చి తల్లీబిడ్డల్ని కోదాడ తీసుకుపోయాడు. అక్కడ కిరాయి గదిలో మంగలం లేదు, తిరుగలి లేదు, ఒక కిరసనాయిల్ స్టవ్వు ఉంది. ఇంటావిడ సరోజమ్మ పిల్లను చూసి, ఇన్ని వేయింపులూ విసురుళ్ళూ ఎందుకు, "అన్నమే మెత్తగా ఉడకబెట్టి మెదిపి పెట్టమ్మా, చూద్దాం" అన్నది. నీలా ఒక ముద్ద పెట్టి, పక్కన కూర్చుని పిల్ల మూతినే చూసింది. ఏమీ కాలేదు. మర్నాడూ ఏమీ కాలేదు. పది రోజులు పోయాక సాలి గిన్నె కోసం చేతులు చాచింది.

ఆ కబురు తండాకు చేరింది. బుద్ధిమంతుడైతే, అదే బియ్యం అక్కడ ఎందుకు పడింది, ఇక్కడ ఎందుకు పడలేదు అని ఆలోచిస్తాడు. లచ్చిరాం ఆలోచించలేదు. పిల్లకు పట్టిన పీడ వదిలిందని సంతోషపడ్డాడు. కోదాడ మిల్లు బియ్యంలో ఏం బలముంటుందని, రుక్మాబాయి చేత మంచి దంపుడు బియ్యం వేయించి పొడి కొట్టించి, డబ్బాకెత్తుకుని బస్సెక్కాడు.

కోదాడలో దిగేసరికి మధ్యాహ్నమైంది. నీలా వద్దంటూనే ఉంది. ఒక్క వేలికి అంటినంత అని బతిమాలి నాకించాడు.

ఈసారి దద్దుర్లతో ఆగలేదు. పెదవులు ఉబ్బాయి, కళ్ళు మూసుకుపోయాయి. ఊపిరిలో ఈల వినబడింది. నీలా పిల్లను ఎత్తుకుని చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది. సరోజమ్మ ఆటో ఆపింది. లచ్చిరాం డబ్బా పట్టుకుని వెనకాల ఎక్కాడు. పిల్లను పట్టుకోవడానికి లేదు, డబ్బా ఎక్కడ పెట్టాలో తోచలేదు. దవాఖానలో సూది వేశారు. ఊపిరి దారిలో పడేదాకా అతను గోడ పక్కన నిలబడే ఉన్నాడు. ఎవరో కూర్చోమంటే, ఆ మాట తనతో అన్నట్టే అతనికి తెలియలేదు.

మిల్లు నుంచి పరుగెత్తుకొచ్చిన దస్రు మామను దాటుకుని పిల్ల దగ్గరికి పోయాడు. తిట్టి ఉంటే కాస్త బాగుండేది.

అక్కడి డాక్టరు, పిల్లల డాక్టరుకు చూపించాల్సిందేనని, ఆ డబ్బా కూడా తీసుకుపొమ్మని చీటీ రాసిచ్చాడు. మర్నాడు పొద్దున్నే అందరూ మిర్యాలగూడ బస్సెక్కారు. డాక్టరమ్మ పుష్పలత పొడిని కాగితం మీద పోసి చూసి, దేనిలో వేయించారని అడిగింది.

ఇసుక మాట వచ్చేసరికి లచ్చిరాం ప్రాణం లేచి వచ్చింది. "మా యాడి తెచ్చిన ఇసుకమ్మా. గీ జిల్లాల గసొంటిది దొరకదు. ముప్పై ఏండ్ల సంది కడగలే."

"అందులో ఇంకేమేం వేయిస్తరు?"

"అన్నీ వేయిస్తం. శనగలు, మక్కలు, పేలాలు. మా ఎర్రచెల్క పల్లీలైతే ఇగ చెప్పొద్దు, ఒక్క పల్లీ మాడదు. ఆ నూనె తాగే గదా ఇసుక గట్ల నల్లగ..."

అక్కడ ఆగిపోయాడు. డాక్టరమ్మ అతని రొంటివైపు చూసింది. లచ్చిరాం కూడా కిందికి చూసుకున్నాడు. పల్లీల మూట. మీసానికి అంటిన పల్లీ పొట్టు ఇంకా అక్కడే ఉంది.

ఆమె అంతా విడమరిచి చెప్పింది. పిల్లకు పడనిది పల్లీ. బియ్యం తప్పు కాదు, పప్పు తప్పు కాదు, ఏ గింజ పెట్టినా ఆ ఇసుకకు పట్టిన పల్లీయే నోట్లోకి పోయింది. పల్లీ, పల్లీనూనె, పల్లీ ముట్టిన చెయ్యి, ఏదీ దగ్గరికి రావద్దు. లచ్చిరాం తేరుకుని అడిగింది ఒక్కటే.

"మందు ఏదన్న ఉన్నదా అమ్మా?"

"మందు లేదు తాతా. దూరం పెట్టుడే." ఆ ముసలి ముఖం చూసి, గొంతు తగ్గించి ఇంకో మాట అన్నది. "బడికి పోయే ఈడుకు తగ్గిపోతది. ఫికర్ చెయ్యకు."

తిరిగి వచ్చాక లచ్చిరాం ఇసుక కుండను నెత్తిన పెట్టుకుని పాలేటికి నడిచిపోయాడు. పారబోయడానికి చాలాసేపు పట్టిందని గొర్లు కాసేవాళ్ళు చెప్పారు. ఎర్రచెలకలో ఆ ఏడు పల్లీ వేయలేదు, ఆముదాలు వేశాడు. ఆ మీదట చివ్వెంలలో మంగలి ముందు కూర్చుని మీసం తీయించేశాడు. బోసి మూతితో వస్తుంటే గోపమ్మ ఎదురొచ్చి, ఎవలు పోయిన్రని అడిగింది.

"పల్లీలు పోయినయ్" అన్నాడు.

కోదాడ పోయి, బోరింగు దగ్గర చేతులు, మూతి సబ్బుతో రెండుసార్లు కడుక్కుని లోపలికి వెళ్ళాడు. మీసం లేని ఆ మనిషెవరో సాలికి తెలియలేదు, బిగ్గరగా ఏడ్చింది. నీలా అన్నం గిన్నె అతని చేతికిచ్చింది. మెతుకులు మెదిపి ముద్ద పెట్టాడు. పిల్ల ఏడుపు మధ్యలోనే మింగింది. ఇక అతను కదలలేదు. ఎంతసేపు చూడాలో, ఎంతసేపటికి భయం తీరుతుందో ఎవరూ చెప్పలేదు. కడిగిన చేతులు గాలిలోనే పట్టుకుని, ఆ చిన్న మూతి చుట్టూ ఎరుపు వస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాడు.

కొంగల సంగతి మీరు నమ్మలేదని తెలుసు, అందుకే దాన్ని లెక్కలోకి తేను. మీసం తీసెయ్యడం నిజం, ఇసుక నిజం, ఆ ఈల నిజం. చేతి ముద్ద సంగతి ముందే ఒప్పుకున్నాను, అది కాక ఈ కథలో కల్పించింది డాక్టరమ్మ అన్న ఆ చివరి మాట ఒక్కటే. బడి ఈడుకు తగ్గుతుందని ఆమె అనలేదు. దూరం పెట్టుడే అని, కాగితం మడిచి, తర్వాతి పిల్లను పిలిచింది. లచ్చిరాం ఆ గది గుమ్మంలో అలా నిలబడిపోయాడని చెప్పడానికి నోరు రాక, అతనికి ఆ నాలుగు మాటలూ నేనే ఇచ్చి పంపాను.