డీ డ్రైవు

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు, మచిలీపట్నం కోనేరు సెంటర్ దగ్గర డీటీపీ షాపు నడిపే ముక్తార్, కంప్యూటర్ అడిగిన ఒక ప్రశ్నకు సరేనని నొక్కాడు. ఇరవై ఏళ్ల పెళ్లికార్డుల మేటరంతా పోయింది.

ఆ షాపుకు కొత్త డిజైన్ల కోసం ఎవరూ రారు, పాత కార్డుల కోసం వస్తారు. దివిసీమ నుంచో మొవ్వ నుంచో బస్సు దిగి, "మా పెద్దోడి కార్డు మేటరే, పేర్లు మార్చండి" అంటారు. ముక్తార్ ఊరి పేరు, ఇంటిపేరు అడిగి ఫైలు తీస్తాడు. పక్క షాపుల్లో రంగు ప్రింటర్లు వచ్చాక ఆయనకు మిగిలిన బేరం అదే.

కంప్యూటర్లో పాత విండోస్ ఉంది. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌ల నుంచి వైరస్‌లు వచ్చేవి. దాన్ని మార్చాలనుకున్నాడు. కిందటి ఆదివారం ఇద్దరు వచ్చి కూర్చున్నారు. ఒకరు గుడివాడలో కంప్యూటర్లు అమ్మే ఆంజనేయులు. రెండోవాడు ముక్తార్ అక్క కొడుకు నవాజ్, గుడ్లవల్లేరులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు.

"కొత్త విండోస్ ఈ బాక్సులో ఎక్కదండీ. బాక్సే మార్చాలి" అన్నాడు ఆంజనేయులు.

"విండోస్ బదులు లినక్స్ వేద్దాం మామూ. ఫ్రీ. పాత మిషన్లోనూ నడుస్తుంది. వైరస్ గొడవ తక్కువ."

"అంత గొప్పదైతే ఈ బందర్లో ఏ షాపులో ఉందో చూపించు బాబూ."

"మీ జేబులో ఉందండీ. ఆ ఫోన్ నడిచేది దాని మీదే."

ఆంజనేయులు ఫోన్ తీసి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "ఇదా! అందుకే మా ఆవిడ ఫోన్లు మాత్రం ఆగకుండా వస్తున్నాయి."

నవాజ్ లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి ఒక పాత కార్డు తెరిచాడు. అక్షరాలు గీతలుగా వచ్చాయి. మరో సాఫ్ట్‌వేర్ వేశాక తెలుగు కనిపించింది. ముక్తార్ లినక్స్‌కే ఒప్పుకున్నాడు.

"వచ్చే ఆదివారం వచ్చి వేస్తా. ఈలోగా ఫైళ్లు బయట కాపీ పెట్టుకో మామూ."

"అన్నీ డీ డ్రైవులో ఉన్నాయిరా. డీకి ఏమీ కాదు."

విండోస్ పాడైనప్పుడల్లా ముక్తారే మళ్లీ వేసుకునేవాడు. సీ చెరిగేది, డీ ఉండేది. బందరులో కంప్యూటర్ ఉన్న ప్రతివాళ్లూ ఫోటోలు డీలోనే దాస్తారు.

శుక్రవారం ఉదయం విండోస్ తెరుచుకోలేదు. మొవ్వ రైతు శోభనాద్రి మర్నాడు వస్తానని చెప్పి ఉన్నాడు. చిన్నమ్మాయి ఐశ్వర్య పెళ్లికి పెద్దమ్మాయి యశస్విని కార్డు మేటరే కావాలన్నాడు. నవాజ్ వదిలిన పెన్‌డ్రైవ్ బల్ల మీద ఉంది. ముక్తార్ అది పెట్టి, లినక్స్ తనే వేయబోయాడు. లినక్స్‌లో సీ, డీ అనే పేర్లు లేవు. డిస్కు చెరిపి వేయమంటారా అని అడిగింది. ఎప్పుడూ అడిగేదే అనుకుని నొక్కి, షట్టర్ సగం దించి జుమ్మా నమాజుకు వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి పని పూర్తయింది.

సాయంత్రం నవాజ్ వచ్చాడు. చాలాసేపు వెతికాడు.

"డీ అంటే వేరే డిస్కు కాదు మామూ. ఒకే డిస్కులో ఇంకో గది. మొత్తం పోయింది."

"డిస్కు గుడివాడ పంపిద్దాం" అన్నాడు ముక్తార్.

శనివారం శోభనాద్రి వచ్చాడు. "పాత కార్డు ఇంట్లో ఉందా అండీ? చూసి కొడతాను" అని అడిగాడు ముక్తార్.

"పెళ్లయ్యాక కార్డెవరు దాస్తారండీ? మీ దగ్గరుంటుందిగా."

ఆంజనేయులు డిస్కును తన షాపులో నాలుగు రోజులు ఉంచుకున్నాడు. వినాయకులు, కలశాలు, అరటిచెట్లు, అంచుల పూల బొమ్మలు దొరికాయి. పేర్లున్న ఫైళ్లు ఒక్కటీ తెరుచుకోలేదు.

"ఇంకెక్కడైనా చూపిద్దామా?" అన్నాడు ముక్తార్.

"ఆ లినక్స్ వాటి మీదే కొత్తది రాసేసిందండీ. ఎవరు మాత్రం ఏం చేస్తారు?"

ఆ డిస్కు మళ్లీ బిగించారు. కంప్యూటర్ వేగంగా తెరుచుకుంటోంది. తర్వాత వైరస్ రాలేదు. అవనిగడ్డ నుంచి వచ్చిన రెండు కుటుంబాలు పాత మేటర్ లేదని విని షాపు మెట్ల మీద నుంచే వెళ్లిపోయాయి.

ఐశ్వర్య పెళ్లికార్డు గుడివాడలో అచ్చయింది. నెలాఖరున ముక్తార్ ఖాళీ చేసిన షాపు షట్టర్‌కు 'షాపు అద్దెకు ఇవ్వబడును' అనే కాగితం అంటించారు. అది చేత్తో రాసి ఉంది.