నల్లమందు తూటా

హేమంతము ప్రవేశించి మంచుతెరలు గిరిశిఖరములను విడువనొల్లక వ్రేలాడుచు వలిసెపూవుల పసిమిచే కొండవాలులు పసుపు పూసుకొన్న పేరంటాండ్రవలె వెలుగుచు ప్రాతఃకాలశీతమునకు వన్యమృగములు సైతము పొదలు వెడలుటకు వెనుదీయుచున్న యా దినములలో మేఘాద్రి సంస్థానమున పులివేట యుత్సవము సిద్ధమయ్యెను. ఉత్సవమని పేరే కాని యా యేడది పగతీర్చుకొను పండుగయై పరిణమించెను.

సంస్థానాధిపతి త్రివిక్రమవర్మ నవయౌవనగర్వదుర్విదగ్ధుడు. బాల్యమునుండియు చెన్నపట్టణముననే పెరిగి పొగలేని మందు దట్టించిన సన్నని తూటాలను వానికి దగిన క్రొత్త రైఫిలును వెంటదెచ్చినవాడు. అతని పినతండ్రి విశ్వంభరరాజు చిరకాలముగా వేటలో తొలివేటు వేయు గౌరవము ననుభవించుచు నల్లని తుపాకిమందు కూరిన బొటనవ్రేలంత లావైన నల్లమందు తూటాను దప్ప మఱియొకదానిని ముట్టని వృద్ధుడు. ఒకరి నీడ యొకరికి గిట్టదు. పెద్దవాని తూటాను చిన్నవాడు రోకలిబండ యనెను. చిన్నవాని తూటాను పెద్దవాడు చెవిలో త్రిప్పుకొను పుల్ల యనెను. రెంటను గుణమును గలదు దోషమును గలదు గాని యా మాట వినుటకు ఆ మహానుభావుల కిరువురకును తీరిక లేకపోయెను.

తొలివేటు ఎవరిదో తేల్చుటకై కోటవెలుపలి బయలున గుఱిపందెము పెట్టిరి. మిక్కిలి దూరమున గుంజకు గట్టిన గుమ్మడికాయ లక్ష్యము. విశ్వంభరరాజు గుండు తన బరువునకు దారిలోనే క్రుంగి గుంజ మొదట నేల దున్నెను. తెల్లని పొగ మబ్బువలె లేచి చూపఱులను దగ్గించెను. త్రివిక్రమవర్మ గుండు గీతగీచినట్లు పోయి కాయను వ్రక్కలుచేసెను. పొగ లేశమైనను లేదు.

“బాబయ్యగారూ! ఇక తమరు మంచెపై గూర్చుండి చూచుచుండుడు. పొగబెట్టుట వంటవారి పని” యని త్రివిక్రమవర్మ పలికెను. పరివారము పకపక నవ్వెను. విశ్వంభరరాజు ముఖము మాడిపోయెను.

కాని యాక్షణముననే యతని కొక సంగతి స్ఫురించెను. మృగమును తోలు కొండదొర తెగవారు డప్పులు మ్రోగించుచు లోయలోనికి దిగుదురు. ఆ మ్రోతలో తుపాకిచప్పుడు వినబడదు. కావున చెట్లపై తెల్లని పొగ లేచినంతనే వేటు పడెనని గ్రహించి డప్పులాపి చెట్లెక్కుట వారి తాతలనాటి యాచారము. గాయపడిన పులియెదుట కాలినడకన నిలుచుట మృత్యువు నోట తలదూర్చుటయే కదా! క్రొత్త తూటాకు పొగలేదు. ఈ మాట కొండవారికి దెలియదు. ఆ యాచారము త్రివిక్రమవర్మకు దెలియదు. రెండును దెలిసిన విశ్వంభరరాజు చెప్పలేదు. “కానిమ్ము! తలవంపులు వచ్చిననే గాని వీనికి బుద్ధిరాదు” అని పండ్లుకొఱికెను. పోవునది పరువొక్కటియే కాదని యెఱుగనంత యమాయకుడు కాడు. ఛీ! అట్టి పౌరుషము పౌరుషమా?

వేటనాడు లోయ కిరువైపుల రెండు మంచెలపై ఆ యిరువురును గూర్చుండిరి. డప్పులమ్రోత సమీపించుచుండగా పులి వెలువడెను. త్రివిక్రమవర్మ కాల్చెను. సన్నని గుండు పులి తొడనుండి యిట్టె దూసికొని పోయెను. పులి పడక గర్జించి పొదలో దూరెను. ఆకాశము నిర్మలముగానే యుండెను. డప్పులు ఆగలేదు. త్రివిక్రమవర్మ వలదు వలదని యఱచిన యఱపు ఆ మ్రోతలో కలిసిపోయెను.

కొండదొరల పెద్ద కొర్రా సింగన్న యందఱికంటె ముందుగా విశ్వంభరరాజు మంచెక్రిందికి వచ్చి తలయెత్తి చూచెను.

“దొరా! పొగ నెగనేదు గదా? దిగిపోమంటారా?”

గగనమున కొక్క తూటా విడిచిన చాలును. తుపాకి యొడిలోనే యున్నది. విశ్వంభరరాజు ముఖము ప్రక్కకు ద్రిప్పుకొనెను. సింగన్న యా మౌనమును అనుమతిగా దలచి పొదవైపు నడిచెను.

పులి లంఘించిన పిమ్మట విశ్వంభరరాజు చేతికి ప్రాణము వచ్చెను. నల్లమందు తూటా మంచె యదరునట్లు పేలెను. పొగ లేచెను. డప్పులాగెను. కొండవారు చెట్లెక్కిరి. పొగ విడిపోవునప్పటికి పులి చచ్చిపడియుండెను. దానిక్రింద సింగన్న నెత్తురుమడుగున నుండెను.

మంచెలు దిగివచ్చిన యా వీరులు చేసిన మొదటిపని యేమి? పులికళేబరముపై వంగి గాయములు పరీక్షించుట!

“మొదట దగిలినది నా గుండు. చర్మము నాది” యని త్రివిక్రమవర్మ యనెను.

“నీ పుల్ల గిలిగింత పెట్టినది. చంపినది నా తూటా” యని విశ్వంభరరాజు గర్జించెను.

చెట్లు దిగివచ్చినవారు సింగన్నను ఒడిలోనికి దీసికొనిరి. అతడు కన్నులు దెఱచి విశ్వంభరరాజును వెదకికొనెను. జన్మమంతయు “తమరు” అన్న నోట ఆ మన్నన యిప్పుడు రాలేదు.

“తుపాకీ నీ ఒళ్ళోనే ఉంది గదా దొరా. ఒక్కపాలి పైకి పేల్చనేకపోనావా?”

ఆ మాటతోనే సింగన్న ప్రాణము విడిచెను.

ఆంబోతులు పోరాడిన లేగల కాళ్లు విఱుగునని లోకము వాడుక. కొండదొరలు పులిని మోయుటకై తెచ్చిన వెదురుబొంగులపై సింగన్నను పరుండబెట్టుకొని కొండ యెక్కిపోయిరి. పులిని మోయువారు లేకపోయిరి. ఎవరిదో తేలని యా చర్మము లోయలోనే క్రుళ్లిపోయెను.

మఱుసటి హేమంతమున కోటలో వేటకొమ్ము ఊదిరి. కొండనుండి యొక్క డప్పును బదులీయలేదు. విశ్వంభరరాజు మేడపై నిలిచి చూచెను. వలిసెచేల కావల కొండపల్లెల పొయ్యిలనుండి తెల్లని పొగ మెల్లగా లేచుచుండెను. ఆ వృద్ధుడు దానివంక జూడలేక గవాక్షమును మూసికొనెను.